నీళ్లకు దారి వదిలిన దారి

పక్కపక్క ఊళ్ల మధ్య కొత్తగా రోడ్డు పడితే అందరి కళ్లూ తారు నునుపు మీదే ఆగుతాయి. ఆ పని బాగోగులు మాత్రం చాలావరకు రోలరు రాకముందే, పంచాయతీరాజ్ ఇంజనీరు గీసిన పొడుగాటి కాగితం మీదే తేలిపోతాయి.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ కాగితానికి ఒక పద్ధతి తెచ్చింది. మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి ఏ కాలంలోనైనా నడిచే రోడ్డు ఒకటుండాలన్నది దాని లెక్క. నిబంధనల్లో నాకు బాగా నచ్చింది వేరే ఉంది: గీత ఖాయం చేసేముందు నడవాలి. అసిస్టెంట్ ఇంజనీరు, సర్పంచి, పంచాయతీ మహిళా సభ్యులు, రెవెన్యూ మనిషి, పొలాలవాళ్లు కలిసి రోడ్డు రాబోయే చోటంతా కాలినడకన తిరుగుతారు. భూమి కొనడానికి పథకం డబ్బివ్వదు. కాబట్టి ఎవరి గట్టు ఎంత పోతుందో ఆ నడకలోనే తెగాలి.

నడక ఎక్కువగా పాత డొంక వెంటే సాగుతుంది. దాని మెలికలు చూస్తే స్కేలు పెట్టి సాపు చేసేయాలనిపిస్తుంది. అనుభవమున్న ఇంజనీరు తొందరపడడు. బండ్లు తోలినవాళ్లు కొన్నిచోట్ల ఊరికే తిరగలేదు: ఒక మలుపు చక్రం దిగబడే పల్లాన్ని తప్పించింది, మరొకటి ఒడ్డు గట్టిగా ఉన్నచోట వాగు దాటించింది. ఇంకొన్ని వంకరలు ఎవరో ఎప్పుడో గట్టు జరపడం వల్ల వచ్చినవి. నేల పెట్టిన వంకరను ఉంచి, మనిషి పెట్టిన వంకరను సరిచేయడంలోనే పనివాడి చూపు తెలుస్తుంది.

ఇక రోడ్డు పొడవునా ఎత్తుపల్లాలు చూపే పొడవుకోత బొమ్మ. నిలువు కొలతను సాధారణంగా అడ్డం కొలతకు పదింతలు పెంచి గీస్తారు కనుక చదునైన మాగాణి కూడా కాగితం మీద కొండలూ లోయలుగా కనిపిస్తుంది. ఎగుడుదిగుడు గీత నేలది, దాని మీదుగా పోయే సాఫీ గీత రాబోయే రోడ్డుది. వరద ఎక్కకుండా ఆ గీతను పైకి లేపడం తేలిక. కానీ రెండు ఊళ్ల మధ్య ఎత్తయిన రోడ్డంటే పొలాలకు అడ్డంగా కట్ట వేసినట్టే. ఎగువ చేను మునుగుతుంది, దిగువ చేనుకు నీరందదు. మొదటి పెద్దవానకే ఎవరో పలుగు తెచ్చి గండి కొడతారు. వాళ్లను తప్పుపట్టలేం. మనుషులు పొడవునా ఎలా పోతారన్నదానికన్నా నీళ్లు అడ్డంగా ఎలా దాటుతాయన్నదే ఊరి రోడ్డుకు అసలు పరీక్ష అని నా నమ్మకం.

అందుకే మంచి నక్షాలో ప్రతి బోదె, ప్రతి కాలువ కనిపిస్తుంది. చిన్న బోదెకు సిమెంటు పైపు, పంటకాలువకు స్లాబు కల్వర్టు, ఏడాదికి కొద్దిరోజులే పొంగే వాగుకు చప్టా. వంతెనకు డబ్బుల్లేక చప్టా వేశారని చిన్నచూపు చూస్తాం గానీ, నీళ్లు రోడ్డు మీదుగానే పోతాయని ముందే ఒప్పుకుని కట్టిన కట్టడం అది. రాకపోకలు తక్కువున్నచోట సరైన లెక్కే. వాగు అవతలే ఆసుపత్రి ఉంటే మాత్రం ఈ మాట వెనక్కి తీసుకుంటాను. చిన్న వాగుల వరద మట్టానికి రికార్డులు అరుదు. వేపచెట్టు మొదలు దాకా వచ్చిందని ఊళ్లో పెద్దాయన చెప్తే, ఆ చోటును లెవెల్ యంత్రంతో కొలిచి మీటర్ల అంకెగా నక్షాలోకి ఎక్కిస్తారు.

మట్టి దగ్గరా అదే జాగ్రత్త. ఎండాకాలంలో పలుగు దిగని రేగడి, నానితే కాలు నిలవనివ్వదు. నేల బలాన్ని కొలిచే సీబీఆర్ పరీక్షలో మట్టిని నాలుగు రోజులు నానబెట్టి, 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున దింపుతారు. అది ఎంత బరువుకు ఎంత దిగిందో చూసి, పైన ఎంత మందం కావాలో లెక్కిస్తారు. నేలను దాని చెడ్డరోజున పరీక్షించడమన్నమాట.

తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, కట్ట మొత్తం 7.5 మీటర్లు. గడ్డి ట్రాక్టర్లు రెండు ఎదురైతే ఒకటి తారు పక్కనుండే మట్టి అంచు, అంటే బెర్ము మీదికి దిగాల్సిందే. అందుకే అడ్డుకోత బొమ్మలో నేను ముందు చూసేది బెర్మునే. తారుకు 3 శాతం వాలిస్తే నడుమ భాగం అంచుకన్నా సుమారు 5.6 సెంటీమీటర్లు ఎత్తుంటుంది, నీళ్లు పక్కకు జారతాయి. అక్కడ బెర్ము ఎత్తుగా మిగిలిపోతే అవి తారు అంచునే నిలిచి దాన్ని కొరికేస్తాయి. బెర్ముకు తారుకన్నా కనీసం అర శాతం ఎక్కువ వాలు ఇవ్వమన్న నియమం అందుకే. ఆ అర శాతాన్ని మరవకుండా రాసినాయన, వానలో రోడ్డు అంచున నిలబడి చూసినవాడే అయ్యుంటాడు.