చిల్లర ఈవెంట్లు, చెరపకూడని గీతలు

విశాఖపట్నంలోని గాజువాక చుట్టుపక్కల ఏ కర్మాగారం కంట్రోల్ రూమ్‌లో చూసినా ఓ సర్వర్ రాత్రింబవళ్లు రాసుకుంటూనే ఉంటుంది. పంపు ఆన్ అయింది, వాల్వ్ మూసుకుంది, అలారం చూశానని ఆపరేటర్ నొక్కాడు. ఈ రికార్డులు సర్దడమే నా ఉద్యోగం. డిస్క్ నిండేకొద్దీ అందరూ చెప్పేమాట ఒకటే: పాతవి తీసెయ్యండి.

వయసు చూసి తుడిచెయ్యడానికి నా మనసొప్పదు. పోతే మళ్లీ దొరుకుతుందా లేదా అన్నదే చూస్తాను. బతికే ఉన్నానని సెన్సర్ క్షణక్షణం పంపే సందేశంతో మర్నాడు పనిలేదు. ట్యాంకు మట్టం హద్దు దగ్గర ఊగుతూ ఒకే అలారం గంటసేపు మోగి ఆగి మోగితే, మొదటిదీ చివరిదీ, ఎన్నిసార్లన్న లెక్కా ఉంచితే సరి. అదే ప్రమాదం ముంచుకొస్తే యంత్రాన్ని ఆపేసే ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేశారనుకోండి. ఎవరు, ఎప్పుడు, తిరిగి ఎప్పుడు పెట్టారన్న ఆ ఒక్క వరుస ప్లాంటు ఉన్నంతకాలం ఉండాలి. దానికి ముందూ వెనకా ఉన్న నిమిషాలను చిల్లర ఈవెంట్లతో సహా కదపకూడదు. ప్రమాదం ఎలా ముదిరిందో తెలిసేది ఆ చిల్లరలోనే.

ఇంత పట్టుదల ఎందుకంటే మన తీరాన్నే చూపిస్తాను. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర సముద్రగర్భంలో భూకంపం వచ్చింది. ఆ సునామీ బంగాళాఖాతం చుట్టూ ఎనిమిది చోట్ల, ఆటుపోట్లు కొలిచే యంత్రాల కాగితాల మీద గీతలుగా పడింది. అందులో విశాఖపట్నం ఒకటి. ఎక్కడా అల మీటరు ఎత్తయినా లేదు. ఆటుపోట్ల లెక్క కట్టేవారికి ఆ వణుకు అడ్డమే తప్ప ఉపయోగం లేదు. అయినా ఆ గీతలు మిగిలాయి. 2003లో మోదెస్టో ఓర్టిజ్, రోజర్ బిల్హామ్ అనే పరిశోధకులు వాటితోనే భూకంప తీవ్రత 7.9 అని తేల్చారు. మరుసటి ఏడాది డిసెంబరు 26న అదే ఫలకాల సరిహద్దు నుంచి మహా సునామీ వచ్చింది. రోజుకు ఎంత పోటు, ఎంత పాటు అన్న పట్టిక ఒక్కటే ఉంచి కాగితాలు పారేసి ఉంటే, 1881 గురించి ఆ లెక్క కట్టే దారే ఉండేది కాదు.

అందుకే కొలిచిన అసలు రీడింగులను చౌకరకం టేపుల మీదికైనా మార్చి దాచమంటాను. సగటులు మళ్లీ కట్టుకోవచ్చు. ఇక తుడిచిన ప్రతిసారీ ఏ నియమం కింద, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరి ఆమోదంతో పోయాయో అదే లాగ్‌లో ఒక ఈవెంట్‌గా ఎక్కిస్తాం. దానికి మాత్రం గడువు పెట్టం.