కాలువగట్టుపై ధారణ

ఐదవ తరగతిలో బెత్తమునకు జడిసి కంఠస్థము చేసిన పద్యములు అరువది యేండ్లు నాలుకపై చెక్కుచెదరక నిలిచియుండి, నిరుడొకనాటి యుదయమున కాలువగట్టున నడచుచు ఒక కందమును చదువుకొనబోగా, నాలుగవ పాదమున యతిస్థానము దగ్గర నన్ను నట్టేట విడిచినవి. యతికి రావలసిన యక్షరము తెలియును, ప్రాస తెలియును. మాట మాత్రము రాలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొనుచుండగా పిలువని పేరంటమువలె తానే వచ్చినది.

మా యింటావిడ వెంటనే బాదంపప్పులు నానవేసి, పెరటిలో సరస్వతి యాకు నాటినది. వైద్యుడు మాత్రము రక్తము పరీక్షింపజేసి, బి12 విటమిన్ తక్కువైనదనియు, అది మాంసము, చేప, గ్రుడ్డు, పాలయందే గాని మనము తిను కూరగాయలలో లేదనియు, ఆ లోపము మతిమరపునకొక కారణము కాగలదనియు చెప్పి సూదిమందు వ్రాసెను. అంతటితో పోనీయక, ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదనియు, దానివలన హెచ్చు రక్తపుపోటు మెదడులోని సన్నని నాళములను చెరచుననియు హెచ్చరించుటతో ఆవకాయ జాడీ అటకెక్కినది. ఆ దుఃఖమును గూర్చి వేరొక వారము వ్రాసెదను.

నడక సంగతి వేరు. 2011లో ప్రకటితమైన యొక అమెరికా పరిశోధనలో 120 మంది వృద్ధులలో సగము మందిని వారమునకు 3 దినములు, క్రమముగా 40 నిమిషముల వరకు పెంచి నడిపించి, తక్కినవారిచే ఒడలు సాగదీయు వ్యాయామములు చేయించగా, సంవత్సరాంతమున నడచినవారి హిప్పోకాంపస్, అనగా క్రొత్త జ్ఞాపకములను కుదురుపరచు మెదడు భాగము, 2 శాతము పెరిగినది. తక్కినవారిది ఇంచుమించు 1.4 శాతము తగ్గినది. 2023లో వెలువడిన మైండ్ అను పథ్యపు పరీక్షలోనైతే, 604 మందిని 3 సంవత్సరములు గమనించినను, ఆకుకూరలు, గింజపప్పులు హెచ్చుగా తినినవారికిని, మామూలు తిండినే తగ్గించి తినినవారికిని జ్ఞాపకశక్తిలో చెప్పదగిన భేదము కానరాలేదు. ఈ సంగతి మా యింటావిడకు చెప్పలేదు. బాదంపప్పులు రుచిగానే యున్నవి.

నేనవధానిని కాను. ఐనను ఆ విద్యలోని ధారణను కొంత యరువు తెచ్చుకొంటిని: పోవునపుడు నాలుగు పద్యముల మొదటి పాదములను వరుసగా చదివి, పిదప రెండవ పాదములను, ఇట్లు లాకుల వరకు విడివిడిగా నడిపించి, మరలునపుడు ఒక్కొక్క పద్యమును ముక్కలు కూర్చి యప్పగించుట. మాట యాడలేనంత రొప్పు వచ్చినచో నడక మితిమీరినది. రాగము తీయగలిగినచో చాలదు.

నిన్న మూడవ పద్యము తుదిపాదమునకు వచ్చితినో లేదో, టీ బడ్డీ యబ్బాయి అవధానములోని అప్రస్తుతప్రసంగిని మించి, "మాస్టారూ, పంచదార వేయమంటారా, వద్దా?" అని కేకవేసినాడు. వద్దంటిని. పాదము పోయినది. మరల లాకుల వైపు తిరిగితిని.