వేళ్ళ మీద కెమెరా

టీవీలో సంగీత పోటీ అనగానే మనకి గుర్తొచ్చేది సంగీతం కాదు, జడ్జీల మొహాలు. పిల్ల చరణం అందుకునేలోపే కెమెరా ఒక జడ్జిగారి కనుబొమ్మల మీదికి పోతుంది. అక్కణ్ణుంచి వాళ్ళమ్మ కళ్ళనీళ్ళ మీదికి. తిరిగి పిల్ల దగ్గరికొచ్చేసరికి పాట అయిపోయి ఉంటుంది. పోటీ అంటే ఇంతే కాబోలు అనుకునే మా వయొలిన్ క్లాసు పిల్లలకి అప్పుడప్పుడూ ఇంకో రకం పోటీ చూపిస్తుంటాను. దాని పేరు యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్.

అది 1982లో ఇంగ్లండులోని మాంచెస్టర్లో మొదలైంది. నడిపేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. తళుకుల బట్టలు, పొగలు, మెరుపులతో ఏటేటా హోరెత్తే యూరోవిజన్ పాటల పోటీ కూడా వాళ్ళదే. ఒకే ఇంట్లో పుట్టిన ఈ ఇద్దరికీ పోలికలు మాత్రం కలవలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1978లో, బీబీసీ తమ దేశపు పిల్లల కోసం శాస్త్రీయ వాద్యాల పోటీ ఒకటి పెట్టింది. అది చూసి మిగతా దేశాల టీవీ వాళ్ళకీ ఆశ పుట్టింది. మొదటిసారి వచ్చినవి ఆరు దేశాలే. జర్మనీ కుర్రాడు మార్కుస్ పావ్లిక్ పియానో వాయించి గెలిచాడు. అప్పట్నుంచి రెండేళ్ళకోసారి ఒక్కో ఊళ్ళో జరుగుతోంది. 2020లో జాగ్రెబ్‌లో జరగాల్సింది మాత్రం కోవిడ్ మింగేసింది.

ఒక్కో దేశం ఒక్కరినే పంపుతుంది. వయసు ఇరవై ఒకటి దాటకూడదు. గాత్రం లేదు, వాద్యమే. వెనకాల పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రా ఉంటుంది. మైకులు పట్టుకుని వ్యాఖ్యానాలు చేసే జడ్జీలు స్టేజీ మీద కనిపించరు. జ్యూరీ కూర్చుని వింటుంది, ఆఖర్న పేర్లు చెప్తుంది.

మొదటిసారి చూసినప్పుడు మా దగ్గర వయొలిన్ నేర్చుకునే ఒక పిల్ల అడిగింది, "మాస్టారూ, జడ్జీలు ఏం చెప్పరా?" అని. చెప్పరమ్మా అన్నాను. "మరి బాగా వాయించాడో లేదో మనకెలా తెలుస్తుంది?" అంది.

పదకొండేళ్ళ పిల్ల. రెండేళ్ళుగా నేర్చుకుంటోంది. శ్రుతి తప్పితే మొహం చిట్లిస్తుంది, పక్కవాడి తాళం తప్పితే తొడ మీద గిల్లుతుంది. అలాంటి పిల్లకి కూడా టీవీ ముందు కూర్చునేసరికి తన చెవి మీద తనకి నమ్మకం పోయింది. పాట అవగానే ఎవరో ఒకరు "సూపర్" అనో "కొంచెం ఫ్లాట్ అయింది నాన్నా" అనో చెప్పాలని అలవాటైపోయింది. ఆ అలవాటు వదిలించడానికి ఈ పోటీ బాగా పనికొస్తోంది.

చూసేటప్పుడు పిల్లలకి నేనొకటే చెప్తాను, వాయించనప్పుడు ఏం చేస్తున్నారో చూడండర్రా అని. కాంచెర్టో అంటే ఒక్క వాద్యం ఒకవైపు, పదుల మంది ఆర్కెస్ట్రా ఇంకోవైపు ఉండి మాట్లాడుకునే రచన. సాధారణంగా మూడు భాగాలుంటాయి. బీథోవెన్ వయొలిన్ కాంచెర్టోలో అయితే ఆర్కెస్ట్రా వాయించుకుంటూ పోతుంటే వయొలిన్ పట్టుకున్న మనిషి మూడు నిమిషాలకి పైగా ఊరికే నిలబడాలి. పదహారేళ్ళవాడికి వేలమంది ముందు మూడు నిమిషాలు ఊరికే నిలబడడం వాయించడం కన్నా కష్టం. ఒకడు కమాను పట్టే చేతిని ప్యాంటుకేసి తుడుచుకుంటాడు. ఒకమ్మాయి తల పక్కకి తిప్పి ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించేవాళ్ళని చూస్తుంది, పెదవి కదిలీ కదలనట్టు వాళ్ళతోపాటు లోపల్లోపల పాడుకుంటుంది. ఇంకొకడు కమాను బిగించి, మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగిస్తాడు. ఈ ముగ్గురిలో మొదటి స్వరం ఎవరిది సరిగ్గా పడుతుందో చూడకముందే చెప్పొచ్చు. వింటూ నిలబడ్డ పిల్లది పడుతుంది. తన వంతు కోసం కాచుకున్నవాళ్ళది చాలాసార్లు కొంచెం ముందే పడుతుంది. మెండెల్సన్ కాంచెర్టోలో ఈ అవకాశమే లేదు. ఆర్కెస్ట్రా మొదలైన మరుక్షణం వయొలిన్ ఎత్తుకోవాలి. ఇంకా చేతి వణుకు తగ్గకముందే తారస్థాయిలో నిలబడాలి. ఆ రెండు క్షణాలూ కెమెరా ఎడమచేతి వేళ్ళ మీదే ఉండిపోతుంది. ఇలాంటి చోట ఆ డైరెక్టర్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వేళ్ళు అంత దగ్గరగా కనిపిస్తే మావాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. వాళ్ళు వయొలిన్‌ని గడ్డం కిందా భుజం మీదా నొక్కి పట్టుకుని నిలబడతారు. మనం కింద కూర్చుని, వయొలిన్ తల కుడిపాదం మీద ఆనించుకుంటాం. వాద్యం బరువు పాదం మోస్తుంది కాబట్టి మన ఎడమచెయ్యి తీగ పొడుగునా ఇష్టమొచ్చినట్టు జారుతుంది. తోడిలో గాంధారాన్ని ఊపుతున్నా, ఒకే వేలితో దిగువ షడ్జమం దాకా జారినా, చెయ్యి ఎక్కడా అడ్డు తగలదు. వాళ్ళకి ఒక చోటునుంచి ఇంకో చోటికి చెయ్యి మారిందంటే ఆ మార్పు వినపడకూడదు. మనకి వినపడాలి, అదే సంగీతం. అదే పెట్టె, అవే నాలుగు తీగలు. కూర్చున్న తీరు మారేసరికి రెండు విద్యలయ్యాయి. ఇది నోటితో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకి ఎక్కలేదు. తెరమీద చేతులు చూడగానే ఎక్కింది.

ఇంతవరకూ మెచ్చుకున్నాను కదా, నాకు నచ్చనిదీ చెప్తాను. కాంచెర్టోలో కడెంజా అని ఒక చోటుంటుంది. ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, వాయించేవాడు ఒక్కడే తన విద్యంతా చూపించుకోవాలి. మొజార్ట్ కాలంలో దాన్ని అక్కడికక్కడ అల్లేవాళ్ళు. అంటే మన మనోధర్మమే. బీథోవెన్ తన వయొలిన్ కాంచెర్టోకి కడెంజా రాయనేలేదు, వాయించేవాడికే వదిలేశాడు. తర్వాత యోవాకిమ్, క్రైస్లర్ లాంటి పెద్దలు తమ తమ కడెంజాలు రాసుకున్నారు. ఇవాళ్టి పిల్లలు ఎక్కువమంది ఆ పెద్దలు రాసిందే కంఠతా పట్టి వాయిస్తారు. ఎంత గొప్పగా వాయించినా అది అల్లిక కాదు, అప్పగింత. మన పిల్లాడు కల్యాణిలో నాలుగు ఆవర్తాల స్వరకల్పన సొంతంగా వేస్తే దాని రుచి వేరు అని గర్వంగా అనేవాణ్ణి. ఇప్పుడు గొంతు కొంచెం తగ్గించే అంటాను. ఈమధ్య మన పోటీలకి వచ్చే పిల్లల నోటుపుస్తకాల్లో 'కల్పనస్వరాలు' అని రాసి, కింద స్వరాలన్నీ గురువుగారి దస్తూరీలో ఉంటున్నాయి. ముక్తాయింపుతో సహా.

ఇక ఎవరు నెగ్గారు, ఎవరు ఓడారు అన్నది. 1988లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆస్ట్రియా తరఫున జూలియన్ రాచ్లిన్ గెలిచాడు. లిథువేనియాలో పుట్టి చిన్నప్పుడే వియన్నా చేరిన కుర్రాడు. అప్పటికి వయసు పదమూడు. ఆ తర్వాత వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో సోలో వాయించిన అందరిలోకీ చిన్నవాడుగా పేరు తెచ్చుకున్నాడు. అదే పోటీలో రెండో స్థానం నార్వే కుర్రాడు లైఫ్ ఊవె ఆండ్స్‌నెస్‌ది. ఇవాళ పియానో అంటే చెవి కోసుకునే ఎవర్ని అడిగినా ఆ పేరు చెప్తారు. రెండోవాడుగా మిగిలినందుకు అతని వేళ్ళకి జరిగిన నష్టమేమీ లేదు.

1996లో లిస్బన్‌లో గెలిచిన జర్మనీ అమ్మాయి జూలియా ఫిషర్‌కి అప్పటికి పదమూడు కూడా నిండలేదు. ఆవిడ 2008 జనవరి 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకే కచేరీలో సాన్ సాన్స్ వయొలిన్ కాంచెర్టో ఒకటీ, గ్రీగ్ పియానో కాంచెర్టో ఒకటీ వాయించింది. కచేరీ మధ్యలో వాద్యం మార్చడం మన దగ్గరా జరక్కపోలేదు గానీ, రెంటిలోనూ ఆ స్థాయి అంటే నేను నోరు మూసుకుని వినడమే.

మొదట్లో గెలుపులన్నీ పియానో, వయొలిన్, చెల్లోలవే. 2008లో గ్రీసు కుర్రాడు డయోనిసియోస్ గ్రమ్మెనోస్ క్లారినెట్‌తో ఆ వరస మార్చాడు. 2010లో స్లొవేనియా అమ్మాయి ఫ్లూట్‌తో, 2012లో నార్వే కుర్రాడు వియోలాతో గెలిచారు. ఆర్కెస్ట్రాలో జోకులన్నీ వియోలా వాయించేవాళ్ళ మీదే వేస్తారు కాబట్టి ఈ గెలుపు నాకు ప్రత్యేకంగా నచ్చింది. 2016లో కొలోన్ కెథెడ్రల్ పక్కన చౌకులో, ఆరుబయట, పోలండు కుర్రాడు వూకాష్ డిచ్కో శాక్సొఫోన్‌తో గెలిచాడు. అది పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో పుట్టిన వాద్యం కావడంతో మొజార్ట్ గానీ బీథోవెన్ గానీ దానికి ఒక్క స్వరం రాసిపెట్టలేదు. పాత కాంచెర్టోల ఆస్తి లేకుండా వచ్చి గెలవడం చిన్న విషయం కాదు. ఇది చూసి మా పిల్లలు ఆశ్చర్యపోలేదు. కద్రి గోపాల్‌నాథ్ గారి శాక్సొఫోన్ విని పెరిగినవాళ్ళు మరి.

టీవీ కోసం పెట్టిన పోటీ కాబట్టి సమయం కోత తప్పదు. 2018లో ఎడిన్‌బరోలో రష్యా కుర్రాడు ఇవాన్ బెస్సొనొవ్ గెలిచింది చైకోవ్‌స్కీ మొదటి పియానో కాంచెర్టోలో చివరి భాగంతోనే. అరగంటకి పైగా సాగే రచనలో అది చిన్న ముక్క. అన్నిటికన్నా హుషారైన ముక్క కూడాను. నెమ్మదిగా సాగే రెండో భాగం ఎంచుకుని గెలవడం కష్టం. నెమ్మదిలో తప్పు దాక్కోదు, చప్పట్లూ రావు. అలాగే ఏ దేశం తరఫున వాయించారన్న లెక్క కూడా నాకు అంతగా పట్టదు. 2014లో ఆస్ట్రియాని గెలిపించిన వయొలిన్ కుర్రాడు జియు హె చైనాలో పుట్టి సాల్జ్‌బర్గ్‌లో చదువుకున్నవాడు. మంచి గురువు ఎక్కడుంటే పిల్లలు అక్కడికి పోతారు, జెండాలు ఆ తర్వాత.

మేమున్నది విజయనగరం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. అప్పటిదాకా పాటకి పక్కన కూర్చునే వయొలిన్‌ని ముందు కూర్చోబెట్టి సోలో కచేరీలు చేసినవాళ్ళలో నాయుడు గారు ముఖ్యులు. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన వాయిద్యం విని ఎంతో మెచ్చుకున్నారు. అంత చరిత్ర ఉన్న ఊళ్ళో వయొలిన్ నేర్చుకునే పిల్లకి టీవీలో తన ఈడు పిల్ల వయొలిన్ వాయిస్తుంటే చూసే భాగ్యం లేదు. సినిమా పాటకి వెనకాల కూర్చున్నవాళ్ళ కమాను అరక్షణం మెరుస్తుంది, అంతే.

మనకి మంచి పోటీ లేకపోలేదు. జూలియా ఫిషర్ గెలిచిన ఆ 1996లోనే ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. దాన్ని నడిపిన బాలుగారు పిల్లల తప్పు దిద్దేటప్పుడు ఆ సంగతి తానే పాడి చూపించేవారు. ఆయన మాట్లాడినా అది పాఠంలాగే ఉండేది. తర్వాత వచ్చినవాటిలో మాట మిగిలింది, పాఠం పోయింది. మా దగ్గర నేర్చుకున్న కుర్రాణ్ణి ఒక చానెల్ వాళ్ళు ఎంపిక చేసి పిలిచారు. పొద్దున ఏడింటికి రమ్మన్నారు, రాత్రి పదకొండుకి వంతొచ్చింది. వాయించింది నిమిషమున్నర. మీ నాన్నగారు ఆటో నడుపుతారట కదా, ఆ కష్టాలు చెప్పు అని అడిగింది పది నిమిషాలు. వాడు బిక్కచచ్చిపోయి "మా నాన్నకి కష్టాలేం లేవండి, సొంత ఆటో" అన్నాడట. ప్రసారంలో ఆ ముక్క తీసేశారు, వయొలిన్ కూడా సగం తీసేశారు. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "మాస్టారూ, బాబు మళ్ళీ టీవీకి వెళ్ళనంటున్నాడండీ" అంది. వెళ్ళొద్దులెండి అన్నాను.

ఆకాశవాణి యువతకి సంగీత పోటీలు పెడుతూ వచ్చింది. వాటిలో నెగ్గి పైకొచ్చిన విద్వాంసులు చాలామంది ఉన్నారు. రేడియోకి మొహాలతో పని లేదు కాబట్టి చెవే తీర్పు చెప్పింది. టీవీకి చెవితోపాటు కళ్ళు కూడా ఉన్నాయి, వాటిని వేళ్ళ మీద పెట్టమనే నేను అడిగేది.

దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి వాళ్ళు గానీ, డబ్బున్న తెలుగు చానెళ్ళలో ఎవరైనా గానీ, వారానికి ఒక్క గంట ఇవ్వండి. ఒక్కో వారం ముగ్గురు పిల్లలు చాలు. వయొలినో, వీణో, వేణువో, నాదస్వరమో, పక్కన నిజమైన మృదంగం. ఒక్కొక్కరికీ పావుగంట, ఒకటే రాగం, మధ్యలో కోత వద్దు. స్వరకల్పనకి రాగం అప్పటికప్పుడు చీటీ తీసి ఇవ్వండి, నోటుపుస్తకం సాయం రాకుండా. జడ్జీలని పెట్టుకోండి, కాకపోతే మైకులు ఇవ్వకండి. పిల్లలు మా దగ్గర ఉన్నారు, ఎప్పుడు కబురు పెడితే అప్పుడు వయొలిన్ పెట్టెలతో సహా బస్సెక్కిస్తాం.