బొడ్డు నుంచి కొలత

ఆపరేషన్‌కు ముందు ఆమెను నిలబెట్టి పొత్తికడుపు మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీస్తారు. కొలతలన్నిటికీ మొదలు బొడ్డు. అక్కణ్ణుంచి ఎడమకు ఇన్ని సెంటీమీటర్లు, కిందికి ఇన్ని అని లెక్కపెట్టి ఒక చుక్క పెడతారు. సరిగ్గా ఆ చుక్క కింద ఒక సన్నటి రక్తనాళం కండరంలోంచి దూరి కొవ్వులోకి వస్తోందని అర్థం. క్యాన్సర్‌ వల్ల రొమ్ము తీసేసిన చోట ఆమె పొత్తికడుపు చర్మం, కొవ్వుతోనే కొత్త రొమ్ము కట్టబోతున్నారు. వైద్యులు డీఐఈపీ ఫ్లాప్ అనే పని ఇది. కత్తి పట్టకముందే ఒక మనిషి ఒంటిని ఇంత శ్రద్ధగా చదవడం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

గజ్జ దగ్గరి పెద్ద ధమని నుంచి ఒక కొమ్మ చీలి, పొట్ట ముందు నిలువుగా ఉండే రెక్టస్ కండరం వెనకగా పైకి పోతుంది. దారిలో దాని పాయలు కండరాన్ని దాటి చర్మానికి చేరతాయి. వాటిని పర్ఫొరేటర్లు అంటారు. డెల్టా వాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది: పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె, చేను. కాకపోతే ఈ కాలువలు మనిషి మనిషికీ మారిపోతాయి. ఒకరికి ధమని ఒకే కాండంగా సాగుతుంది, ఇంకొకరికి రెండుగానో మూడుగానో చీలుతుంది. ఒకే మనిషిలో కూడా కుడిపక్క ఉన్నట్టు ఎడమపక్క ఉండకపోవచ్చు.

1982లో అమెరికా సర్జన్ హార్ట్రాంఫ్ పొత్తికడుపుతో రొమ్ము కట్టే పద్ధతిని ప్రకటించినప్పుడు కండరాన్ని కూడా కలిపే తీసేవారు. రక్తం అందేది, కానీ పొట్ట గోడ బలహీనపడేది. కండరం కదపకుండా, రక్తనాళాన్ని మాత్రం విడదీసి చర్మాన్నీ కొవ్వునూ బతికించవచ్చని 1989లో జపాన్‌లో కోషిమా, సోయెడా చూపించారు. 1992లో న్యూ ఆర్లీన్స్‌లో రాబర్ట్ అలెన్ దాన్ని రొమ్ము కోసం వాడారు. అప్పటినుంచీ ఈ పనితనం గొప్పదనమంతా తీసుకునేదానికన్నా వదిలిపెట్టేదానిలో ఉంది.

వదిలిపెట్టాలంటే దారి ముందే తెలియాలి. డాప్లర్ పెన్ను రక్తం చప్పుడు వినిపిస్తుంది కానీ కండరం లోపలి దారి చెప్పదు. ఆ లోటు తీర్చింది రక్తనాళాల దారిని చూపించే స్కాన్, సి.టి. యాంజియోగ్రామ్. 2006లో బార్సిలోనాలో మాసియా బృందం దీన్ని ఈ ఆపరేషన్‌కు వాడి చూపించింది.

స్కాన్ ముందు కూర్చున్న సర్జన్ చేసే ఎంపిక ఉందే, నాకు అన్నిటికన్నా విలువైనది అదే. బొడ్డు చుట్టుపక్కల లావుపాటి పర్ఫొరేటర్ ఒకటి కనిపిస్తుంది, కానీ అది కండరంలో వంకరలు తిరుగుతూ చాలా దూరం పోతుంది. పక్కనే కాస్త సన్నటిది, దారి దగ్గర. ఏది తీసుకోవాలి? పొట్ట మధ్యగీతకు దగ్గరి వరుసలోని పర్ఫొరేటర్ల నుంచి రక్తం అవతలి పక్కకు బాగా పారుతుంది. పక్క వరుసలోవాటికి కండరంలో దారి తక్కువే, కానీ కండరాన్ని కదిలించే నరాలు ఆ వైపు నుంచే లోపలికి వస్తాయి. పొరపాటున నరం తెగితే, మిగిల్చిన కండరం ఉండీ లేనట్టే. ఆమెకు ఎంత కొవ్వు కావాలో కూడా చూడాలి. ఎంచుకున్న పర్ఫొరేటర్‌కు అవతలి అంచు చివరి ఆయకట్టు లాంటిది, నీరు అందుతుందన్న నమ్మకం లేదు, అందుకే దాన్ని కోసి పారేస్తారు.

పాత కోతలనూ చదవాలి. మన ఇళ్లలో పెద్దాపరేషన్ అనే సిజేరియన్ తాలూకు అడ్డ మచ్చ చాలామందిలో అడ్డు కాదు. బొడ్డు కింద నిలువు మచ్చ ఉంటే మాత్రం రక్తం దాన్ని దాటదు, పొత్తికడుపులో సగమే పనికొస్తుంది. పొట్ట మీది చర్మం, కొవ్వు కోసి తగ్గించే ఆపరేషన్ అయిపోయినవాళ్లకు పర్ఫొరేటర్లు తెగిపోయి ఉంటాయి. వాళ్లకూ, బాగా సన్నగా ఉన్నవాళ్లకూ తొడ నుంచి తీసుకోవడం గురించి ఆలోచిస్తారు.

నీరు పెట్టడం ఒక ఎత్తు, మురుగు పోవడం ఇంకో ఎత్తు. కొందరిలో పొత్తికడుపు చర్మం నుంచి రక్తం ముఖ్యంగా పైపొరలోని సిర గుండానే తిరిగిపోతుంది. లోతు సిరనొక్కదాన్నే ఛాతీ సిరకు కలిపితే, ఫ్లాప్ అంటే ఆ తెచ్చిన చర్మం, కొవ్వు, ముంపు చేనులా ఉబ్బి నీలంగా మారుతుంది. అందుకే స్కాన్‌లో ఆ పైసిర లావుగా కనిపిస్తే, అవసరం పడుతుందో లేదో తెలియకపోయినా దాన్ని కాస్త పొడవుగా విడదీసి ఉంచుకుంటారు. ఈ ముందుచూపే పనివాడి మర్యాద.

ఛాతీలో రొమ్ము ఎముక పక్కన, మూడో పక్కటెముక మృదులాస్థి దగ్గర, రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలు ఎదురుచూస్తుంటాయి. ఎడమవైపు సిర తరచుగా కుడివైపుదానికన్నా సన్నం. మైక్రోస్కోప్ కింద, తల వెంట్రుక కన్నా సన్నని దారంతో ధమనికి ధమనిని కుడతారు. సిరలకు చిన్న ఉంగరాల కప్లర్ ఎక్కువగా వాడతారు. రక్తాన్ని ఆపి ఉంచిన క్లిప్పు తీయగానే పాలిపోయిన చర్మం గులాబీ రంగులోకి తిరుగుతుంది.

పొట్ట మీద అడ్డంగా పొడవాటి మచ్చ మిగులుతుంది, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాలి. దాని లోపల కండరం మాత్రం తన చోటనే, తన నరాలతోనే ఉంటుంది.

కొత్త రొమ్ము మీద, లోపలి రక్తనాళం చప్పుడు బాగా వినిపించే చోట ఒక చిన్న కుట్టు వేసి గుర్తు పెడతారు. ఆ రాత్రి గంట గంటకూ నర్సు వచ్చి, డాప్లర్ పెన్ను ఆ గుర్తు మీద ఆనించి వింటుంది. నిన్న బొడ్డు పక్కన చుక్క పెట్టిన రక్తనాళమే ఇప్పుడు గుండె దగ్గర కొట్టుకుంటోంది.