నిదానంగా పాడితేనే ఉడుత గొంతు

క్యాసెట్ల కాలంలో పెరిగినవాళ్లకు ఆ శబ్దం గుర్తుండే ఉంటుంది. పాట నడుస్తుండగానే ఫార్వర్డ్ మీట సగం నొక్కిపెడితే ఘంటసాల గొంతు కూడా కిచకిచలాడేది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు, టేపు పాడవుతుందని పెద్దవాళ్లు కేకలేసేవాళ్లు. 1958లో అమెరికాలో ఒకాయన అలాంటి కిచకిచనే పట్టుకుని దేశమంతటికీ వినిపించాడు.

పేరు రాస్ బగ్దసారియన్. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టాడు. బంధువైన రచయిత విలియం సరోయన్‌తో కలిసి రాసిన ఒక పాటను 1951లో రోజ్‌మేరీ క్లూనీ పాడితే నంబర్ వన్ అయింది. హిచ్‌కాక్ ‘రియర్ విండో’ చూసినవాళ్లు ఆయన్నీ చూసే ఉంటారు. ఎదురింట్లో పియానో ముందు కూర్చుని, బాణీ కుదరక సతమతమయ్యే సంగీతకారుడు ఆయనే. కొన్నేళ్లకు చేతిలో డబ్బు అడుగంటింది. మిగిలినదాంట్లోంచి సుమారు 200 డాలర్లు పెట్టి టేప్ రికార్డర్ కొన్నాడు.

దాంతో పుట్టిన ‘విచ్ డాక్టర్’ పాట నంబర్ వన్ అయి, కష్టాల్లో ఉన్న లిబర్టీ రికార్డ్స్ కంపెనీని గట్టెక్కించింది. అదే ఏడాది, 1958 క్రిస్మస్‌కు ‘చిప్‌మంక్ సాంగ్’ వచ్చింది. చిప్‌మంక్ అంటే మన ఉడుతలాంటి చారల జీవి. పాటలో పాడే మూడు చిప్‌మంక్‌లకూ ఆల్విన్, సైమన్, థియోడర్ అని కంపెనీ మనుషుల పేర్లే పెట్టాడు.

ఆ కిచకిచ గొంతు కిటుకు చెప్పడానికి తేలిక. టేపు సగం వేగంతో తిరుగుతుండగా పాడి, దాన్ని మామూలు వేగంతో వినిపిస్తే గొంతు ఒక స్థాయి పైకి లేస్తుంది. కష్టమంతా ఆ పాడటంలోనే ఉంది. వేగం రెట్టింపైతే ప్రతి అక్షరం నిడివీ సగమైపోతుంది. కాబట్టి ఒక్కో మాటనూ సాగదీసి, స్పష్టంగా పలుకుతూ, అంత నిదానంలోనూ లయ తప్పకుండా పాడాలి. విలంబంలో ఊపిరి నిలపడం ఎంత కష్టమో కచేరీ చేసేవాళ్లకు తెలుసు. పైగా మూడు గొంతులూ ఆయనవే. మాట వినని ఆల్విన్‌ను గదమాయించే డేవ్ అనే పాత్ర గొంతూ ఆయనదే!

ఇలాంటివాటిని తమాషా పాటలని తీసిపారేయడం అన్యాయం. కిచకిచ ఒక్కటే అయితే రెండోసారి ఎవరూ వినరు. దాని కింద తిశ్ర నడకలో సాగే తీయని వాల్ట్జ్ బాణీ ఉంది, హులాహూప్ కోసం మారాం చేసే పిల్లాడున్నాడు. ఆ ఏడాది అమెరికా పిల్లలందరి నడుముల చుట్టూ తిరిగింది ఆ హూపే.

అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఈ పాట నాలుగు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. మళ్లీ ఒక క్రిస్మస్ పాట అక్కడికి చేరింది 2019లో, మరయా కేరీ గొంతుతో. 1959 మేలో జరిగిన మొట్టమొదటి గ్రామీల్లో చిప్‌మంక్ పాటకు మూడు అవార్డులొచ్చాయి. వాటిలో ఒకటి రికార్డింగ్ పనితనానికి. దాన్ని అందుకున్న ఇంజనీరు టెడ్ కీప్. మూడో ఉడుత థియోడర్‌కు పెట్టింది ఆయన పేరే.