సర్పి నొప్పికి విటమిన్ ‘సి’ : ఒక విమర్శ

సర్పి యను వ్యాధిని ఎరుగనివారు మనలో అరుదు. నడుము చుట్టునో, ఛాతీకి ఒక వైపుననో, ముఖము మీదనో పొక్కులు బారులు తీరి లేచి, నిప్పు సెగ తగిలినట్లు మంట పెట్టును. చిన్ననాడు ఆటలమ్మ పోసినపుడు దేహములో ప్రవేశించిన వైరస్సే నాడీకణములలో అణగి యుండి, ఏండ్లు గడచి దేహబలము సన్నగిల్లినపుడు తిరిగి విజృంభించుట ఇందుకు కారణము. పొక్కులు మానిన పిదప కూడ కొందరిని, ముఖ్యముగా వృద్ధులను, నొప్పి నెలల తరబడి వేధించును.

విటమిన్ ‘సి’ని పెద్ద మోతాదులో ఇచ్చినచో ఈ నొప్పి శమించునను వాదము పాతదే. 1949లో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ క్లెన్నర్, 12 గంటల కొకసారి 2, 3 గ్రాముల చొప్పున సూదిమందుగా ఇయ్యగా, 8 మంది రోగులలో 7 గురికి రెండు గంటలలో నొప్పి పోయినదని ప్రకటించెను. జర్మనీలో 67 మందికి సాధారణ చికిత్సతోపాటు సుమారు రెండు వారములు ఈ విటమిన్‌ను సిరలోనికి ఎక్కించి, నొప్పి తగ్గినదని 2012లో ప్రచురించిరి.

నొప్పి తగ్గినమాట నిజమే కావచ్చును. కాని విటమిన్ వలననే తగ్గినదా? సర్పి చాలమందికి కొన్ని వారములలో తనంతట తానే మానును. విటమిన్ ఇయ్యని రోగులతో సరిపోల్చనిచో, కాలము చేసిన మేలును మందు పద్దులో వ్రాసినట్లగును. పై రెండింటను ఆ పోలిక లేదు.

2016లో ప్రచురితమైన కొరియా పరిశోధన ఈ లోపమును సవరించినది. 87 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు 5 గ్రాముల విటమిన్‌ను మూడు పర్యాయములు, రెండవ జట్టుకు ఉప్పునీటిని మాత్రమే ఎక్కించిరి. తొలి దినముల నొప్పిలో భేదము కనబడలేదు. ఎనిమిదవ వారము నాటికి మాత్రము విటమిన్ పొందినవారికి నొప్పి తక్కువగా నుండెను. దీర్ఘకాలపు నొప్పి మిగిలినవారు మొదటి జట్టులో నూటికి 31, రెండవ జట్టులో 57.

ఇది కొట్టివేయదగిన ఫలితము కాదు. అయినను పాఠకు లొక విషయము గమనింపవలెను. క్లెన్నర్ చెప్పినది తక్షణ శమనము. కొరియాలో తేలినది అది కాదు, చాల ఆలస్యముగా కలిగిన మేలు. మందు ఒక్కటే యైనను వాదములు రెండు. ఒకదాని రుజువు రెండవదానికి చెల్లదు. ఆ రెండవ వాదమునకైనను 87 మంది సాక్ష్యము చాలదు. ఇంకను పెద్ద పరిశోధనలు కావలెను.

పైగా ఇవన్నియు సూదితో ఇచ్చిన మోతాదులు. మ్రింగిన విటమిన్‌ను ప్రేగులు కొంతవరకే గ్రహించును. మోతాదు పెంచినకొలది గ్రహించు పాలు తగ్గును. కనుక అంగడిలోని బిళ్ళలకు ఈ ఫలితములను అంటగట్టరాదు. మూత్రపిండములలో రాళ్ళు ఏర్పడు తత్త్వము గలవారికిని, జి-6-పి-డి లోపము గలవారికిని పెద్ద మోతాదు హాని చేయవచ్చును.

అసలు నష్టము వేరొకటి కలదు. ఎసైక్లోవిర్ వంటి వైరస్ నిరోధక ఔషధములు పొక్కులు కనబడిన 72 గంటలలోపుగా మొదలిడినపుడే ఎక్కువ మేలు చేయును. విటమిన్‌ను నమ్ముకొని ఆ మూడు దినములు జారవిడిచినవారికి, అందును కంటి చెంత పొక్కులు లేచినవారికి, తీరని కీడు కలుగవచ్చును. వైద్యుడు ఆ చికిత్సకు తోడుగా విటమిన్ ‘సి’ని ఇచ్చిన ఇయ్యవచ్చును, బదులుగా మాత్రము ఎవరును ఇయ్యరాదు.