చేతులారా రావమ్మా, సంక్రాంతీ

నెల పట్టిందంటే చాలు, నువ్వు బయల్దేరావని ఊరికి తెలిసిపోతుంది. ధనుస్సులో అడుగుపెట్టిన సూర్యుడు మకరానికి చేరేలోగా నువ్వు రోజుకో వీధి మలుపు తిరుగుతూ, రోజుకో ముగ్గు తొక్కకుండా తప్పుకుంటూ, మంచు ముసుగు కప్పుకుని వస్తావు. తెలతెలవారుతుండగా చిడతల చప్పుడై వస్తావు. తంబురా తీగై వస్తావు. హరిదాసు నెత్తిన అక్షయపాత్రలో గుప్పెడు గుప్పెడుగా నిండే బియ్యమై వస్తావు. సన్నాయి పాటకు తలూపే గంగిరెద్దు మూపు మీది బొంతలో రంగురంగులై వస్తావు. బంతిపూల పసుపువై, చేమంతుల చలువవై, చిక్కుడు పాదు మీద వణికే మంచుబొట్టువై, రేగుపండు పులుపువై, కళ్లంలో రాశిపోసిన కొత్త ధాన్యపు వెచ్చని వాసనవై వస్తావు. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాక, కాయలన్నీ పండ్లయ్యేలా వస్తావు. రా తల్లీ, లోపలికి రా. పీట వాల్చే ఉంది.

నిన్ను తలచుకుంటే నాకు ముందుగా కళ్లు కాదు, చేతులు గుర్తొస్తాయి. పేడ కలిపే చేతులు, గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చే చేతులు, ముగ్గు గిన్నెలో మునిగి తెల్లబడ్డ చేతులు, తోరణానికి మావిడాకు మడిచి ఈనెపుల్ల గుచ్చే చేతులు. నువ్వొచ్చిన నాళ్లలో ఏ చెయ్యీ ఊరికే ఉండదు. ఊరికే ఉన్న చెయ్యి కనిపిస్తే ఏ అత్తో పిలిచి నువ్వుల చేట అందిస్తుంది, రాళ్లేరమని. అంగడి వస్తువుతో నీ ముచ్చట తీరదు. నీకు వేలి వేడి తగలాలి, అరచేతి చెమట తగలాలి, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారాలి. అప్పుడే నీ కళ్లు మెరుస్తాయి.

నీ నిండు రూపం చూడాలంటే అరిసెలు వండే రోజున చూడాలి. ముందురోజే నానబోసిన బియ్యం వడగట్టి, తడారకముందే పిండి కొట్టిస్తారు. రోటిపోట్లు పోయి మిల్లు మోత వచ్చినా ఆ తడి మాత్రం తడే. జల్లించిన పిండిని అరచేత్తో అదిమి, తడిగుడ్డ కప్పి, చంటిబిడ్డకు గాలి సోకకుండా చూసుకున్నట్టు చూసుకుంటారు. అవతల గాడిపొయ్యి మీద బెల్లం కరుగుతూ ఉంటుంది. అనకాపల్లి బెల్లమైతే ఆ వాసనకే వీధి చివరి దాకా కబురు వెళుతుంది. గిన్నె అంచున చిన్న బుడగలు పుట్టి, చిన్నవాటిని పెద్దవి మింగి, నురగై పొంగి, పొంగు కుదురుకుని, గరిట వెంట బరువుగా కదిలే బంగారమవుతుంది పాకం. పక్కన పళ్లెంలో చన్నీళ్లు. అమ్మమ్మ గరిటంచు నుంచి ఒక్క బొట్టు ఆ నీళ్లలో జారవిడుస్తుంది. కరిగిపోయిందా, ఇంకా కావాలి. తీగ సాగిందా, ఇంకొంచెం ఆగాలి. వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టిందా, "దించండర్రా!" ఆ ఒక్క కేక కోసం ఇల్లంతా ఊపిరి బిగపట్టి నిలబడి ఉంటుంది. కాస్త ఆలస్యమైతే అరిసె రాయి, కాస్త తొందరైతే నూనెలో విచ్చిపోయి పొడి. ఆ రెంటి నడుమ వెంట్రుకవాసిలో ఉంటావు నువ్వు, అమ్మమ్మ వేలికొసన.

ఇక అప్పుడు మొదలవుతుంది నీ తిరునాళ్ల. ఒకరు పిండి జారవిడుస్తుంటే ఒకరు రెండు చేతులా తెడ్డు తిప్పాలి. ఒకరు ఉండలు చేస్తే, ఒకరు నెయ్యి రాసిన అరిటాకు మీద వేళ్లతో ఒత్తాలి. ఒకరు కాగిన నూనెలోకి వదిలితే, ఒకరు పొంగినదాన్ని తీసి చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. నువ్వులద్దేవారొకరు, గడ్డి మీద ఆరబెట్టేవారొకరు, ఏ వాయి బాగా వచ్చిందో తీర్పు చెప్పేవారొకరు. రుచి చూసే నెపంతో చలిమిడి గిన్నె చుట్టూ ఈగల్లా మూగే పిల్లలకు లెక్కే లేదు. పక్కింటి పిన్ని వస్తుంది, ఎదురింటి వదిన వస్తుంది, ఏడాదంతా గట్టు తగాదాతో మొహం చాటేసిన పెద్దమ్మ కూడా కొంగు దోపుకుని వచ్చి ఏమీ ఎరగనట్టు పొయ్యి ముందు కూర్చుంటుంది. ఒక్కరి వల్ల అయ్యే వంట కాదిది. చల్లారిన అరిసెను వెలుగుకు పట్టి చూడండి, అంచు దగ్గర సన్నగా వేలిముద్రలు కనిపిస్తాయి. అవి ఎవరివో ఎవరూ చెప్పలేరు. నీ ముద్రలేనని నేను నమ్ముతాను.

ఒక మాట అడగనా తల్లీ, కోపగించుకోకు. పొయ్యి దగ్గరి పొగ ఆడవాళ్లకూ, అరుగు మీది అరిసె మగవాళ్లకూ రాసిపెట్టినట్టు చాలాకాలం నడిచింది కదా, నువ్వెందుకు ఊరుకున్నావు? ఈమధ్య తెడ్డు పట్టిన అల్లుళ్లను చూస్తున్నాను, పిండి ఒత్తే తమ్ముళ్లను చూస్తున్నాను. వాళ్ల అరిసెలు ఒక్కటీ గుండ్రంగా ఉండదు. ఆ వంకర నాకెంత ముద్దో!

అరిసెలో తీపివి, తెలంగాణ గడపలోకి రాగానే కరకరలాడతావు. కరీంనగర్ వైపు, వరంగల్ వైపు వాడకట్టు ఆడవాళ్లంతా ఒక ఇంటి నట్టింట చేరి, పాత చీరలు పరచి, చుట్టూ కూర్చుంటారు. కొత్త బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, కాసిని నీళ్లు, అంతే సరంజామా. ఆ ముద్ద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలి తిరుగుతూ, సన్నని తాడై జారుతూ, బట్ట మీద చుట్టు పక్కన చుట్టు చుట్టుకుంటుంది. అచ్చు లేదు, కొలత లేదు, వేలికి తెలిసిన లెక్క ఒక్కటే. "ఇయ్యాల మా ఇంట్ల, రేపు మీ ఇంట్ల" అని వంతులు వేసుకుంటారు. వేళ్లు సకినాలు చుడుతుంటే నోళ్లు ఊరి కథలు చుడతాయి. ఎవరి చుట్టు సన్నగా వచ్చింది, ఎవరి కోడలి చెయ్యి తిరిగింది, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, అన్నీ ఆ తెల్లబట్ట మీదే తేలిపోతాయి. కొత్తగా పెళ్లయిన బిడ్డ అత్తగారింటికి గంపలకొద్దీ సకినాలు వెళతాయి, అక్కడి వాడకట్టంతా పంచుకోవడానికి. నోము పట్టిన ఇంట్లో 13 మంది ముత్తయిదువలకు 13 వస్తువులు పసుపు కుంకుమలతో చేతులు మారతాయి. సీమ వైపు తిరిగితే నువ్వులద్దిన సజ్జరొట్టెవై పెనం మీద కాలుతుంటావు. ఎక్కడికక్కడ ఆ నేల యాస నేర్చుకుంటావు నువ్వు, ఆ నోటి రుచి నేర్చుకుంటావు.

ఇచ్చే దగ్గర నీకు మనిషనీ మూగజీవమనీ తేడా లేదు. చూరు కింద వేలాడే వరికంకుల కుచ్చును చూసినప్పుడల్లా నీకు దణ్ణం పెట్టబుద్ధవుతుంది. కోతలప్పుడే నిండైన కంకులు ఏరి పక్కన పెట్టుకుంటాడు రైతు. తీరిక చిక్కినప్పుడు అరుగు మీద కూర్చుని, గడ్డిని మెలిపెట్టి, పాయ మీద పాయ వేసి, కంకులన్నీ కిందికి జాలువారేలా అల్లుతాడు. అదెవరికి? పిచ్చుకలకి. కిచకిచమంటూ వచ్చి, తలకిందులుగా వేలాడి, ఒక్కో గింజా ఒలుచుకుని, పొట్టు మన నెత్తిన రాల్చి పోయే పిచ్చుకలకి. బదులివ్వలేని వాళ్లకు ఇంత ఓపికగా అల్లిన కానుక ఇంకెక్కడైనా ఉందా? పండగ మర్నాడు ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడలకు మువ్వలు, నుదుట బొట్లు. ఇంట్లో లేని పెద్దలకు కూడా విస్తరి వేస్తావు, కొత్త బట్టలు పెట్టిస్తావు, కొత్త బియ్యపు పొంగలి ముందుగా వాళ్ల పేరు మీదే దింపిస్తావు. పోయినవాళ్లు నీ జాబితాలోంచి పోరు.

పిల్లల దగ్గరైతే నువ్వూ పిల్లవే. వాళ్లు పేడతో చిన్న చిన్న పిడకలు తట్టి, నడుమ చిల్లులు పెట్టి, ఎండబెట్టి, పురికొసకు గుచ్చి, నా దండ పొడుగంటే నా దండ పొడుగని వాదులాడుకుంటూ భోగిమంట దగ్గరికి మోసుకొస్తారు. నిద్ర కళ్లతో, చలికి గజగజలాడుతూ, మంటకు మొహం చూపిస్తూ, వీపు చూపిస్తూ నిలబడతారు. ఆ దండ మంటలో పడగానే నిప్పురవ్వలు లేస్తాయి, పిల్లల అరుపులు రవ్వల కంటే పైకి లేస్తాయి. సాయంత్రం వాళ్ల నెత్తిన రేగుపళ్లు, చెరకుముక్కలు, నానిన శనగలు, చేమంతి రేకులు, చిల్లర నాణేలు కలిపి దోసిళ్లతో పోస్తారు. దీవెన గలగలా దొర్లి, మంచం కిందికి దూరి, పిల్లలందరినీ వెంట పరుగెత్తించడం నీ దగ్గరే చూశాను.

ఊళ్లకు ఊళ్లే చేతులు కలిపితే నువ్వెలా ఉంటావో కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటకు వెళ్లి చూడాలి. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి వస్తారు. వెదురు వంచి, రంగుల గుడ్డలు చుట్టి, పూలు కట్టి, గంటలు వేలాడదీసి, ఎవరి ఊరి ప్రభను ఆ ఊరివాళ్లే చేసుకుంటారు, ఆ ఊరివాళ్లే భుజాలకెత్తుకుంటారు. పచ్చని చేలకు అడ్డంపడి, కొబ్బరితోటల నీడల్లోంచి, గంగలకుర్రు కుర్రాళ్లయితే కౌశికలో మొలలోతు నీళ్లలోకి దిగి, ప్రభ ఒరగకుండా, శరభ శరభ అంటూ అవతలి గట్టుకు ఎక్కిస్తారు. తొక్కిన చేనుగల రైతు గట్టు మీద నిలబడి చేతులు జోడిస్తాడు. కోడికత్తులూ పేకముక్కలూ నీ పేరు చెప్పి తిరుగుతుంటాయి గానీ, అవి మేం నీకు అంటగట్టిన మకిలి. నీ నిజమైన పందెం ఇది: ఎవరి ప్రభ ఎంత అందంగా వచ్చిందన్న పందెం.

ఇరుగుపొరుగుల మధ్య నువ్వు నడిపే రాయబారం నాకు మరీ ఇష్టం. స్టీలు పళ్లెంలో నాలుగు అరిసెలు, గుప్పెడు జంతికలు, రెండు సున్నుండలు, పైన చేతిరుమాలు. పక్కింటికి వెళ్లిన పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. ఏమీ చేయనివారు చెంచాడు పంచదారైనా వేసి పంపుతారు. ఆత్రేయపురం నుంచి ఏ బావగారో వచ్చాడంటే పూతరేకుల పొట్లం దిగుతుంది. బోర్లించిన వేడి కుండ మీద, పల్చని పిండినీళ్లలో ముంచిన గుడ్డను ఒక్క వాటున పరిచి లాగితే నిలిచే ఆ పొరకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాగితం ఇప్పుడొచ్చింది, ఆ చేతుల నేర్పు ఏనాటిదో! మిఠాయి దుకాణాల్లో అరిసెలు ఏడాది పొడుగునా దొరుకుతున్నాయి, నిజమే. ఒక్క కొలతన, ఒక్క రంగున, నిగనిగలాడుతూ ఉంటాయి. వాటికి వంకపెట్టను. ఎవరి కోసం వండారో వాటికి తెలియదు, అదొక్కటే లోటు.

నువ్వు తిరిగి వెళ్లేనాడు వాకిట రథం ముగ్గు పడుతుంది. చక్రాలు, గోపురం, జెండా అన్నీ దిద్దాక, పిండిగీతతో తాడు లాగుతారు. ఆ తాడు మా వాకిలి దాటి పక్కింటి రథానికి, పక్కింటిది ఆ పక్కింటికి, అలా వీధి పొడుగునా తాడుకు తాడు ముడిపడి, నిన్ను ఊరంతా కలిసి సాగనంపుతుంది. నువ్వేమో ముగ్గు రథమెక్కి హాయిగా పోతావు. మేం బస్సులెక్కుతాం, కిక్కిరిసిన రైళ్లెక్కుతాం, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో గంటలకొద్దీ కూర్చుంటాం. ఏ డిక్కీ తెరిచినా నెయ్యి వాసన, ఏ సంచి కదిలినా జంతికల గలగల. సముద్రాలు దాటే పిల్లల పెట్టెల్లో కోట్ల కింద, పుస్తకాల పక్కన, మూడు కవర్లలో చుట్టి, పైన దారం కట్టిన అరిసెలు. తూకం ఎక్కువైందంటే చొక్కాలు తీసేస్తారుగానీ వాటిని తీయరు.

హైదరాబాద్ హాస్టల్ గదిలో రాత్రి మళ్లీ దర్శనమిస్తావు. భీమవరం అమ్మాయి అరిసెల మూత తీస్తే, కరీంనగర్ అమ్మాయి సకినాల సంచి విప్పుతుంది. అనంతపురం అమ్మాయి నువ్వుల రొట్టెలు తుంచి తలా ఒక ముక్క పెడుతుంది. సెలవులకు ఇంటికి వెళ్లలేకపోయిన పిల్లకు అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ. దుప్పటి మీద నువ్వులు, పుస్తకాల మీద నెయ్యి మరకలు, "మా అమ్మ చేతిదే గొప్ప" అంటే "మా నానమ్మది తిని చెప్పు" అని కేకలు. అంతలో భీమవరం అమ్మాయికి ఇంటి నుంచి ఫోన్.

"అందరికీ పెట్టావా?"

"పెట్టానమ్మా. అయిపోయాయి కూడా."

"అయిపోతే పోనీ. ఆ డబ్బా మీద అమ్మమ్మ పేరు కొట్టించి ఉంది, పారేసుకున్నావంటే ఊరుకోను. ఉగాదికి వచ్చేటప్పుడు ఖాళీగా మాత్రం తేకే, ఆ కరీంనగర్ పిల్ల వాళ్లమ్మనడిగి సకినాలు పోయించుకురా."